ఒంట్లో దొంగ తూము

కాట్రేనికోన రైతులకు నీళ్ళ సంగతి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర వదిలిన గోదారి నీళ్ళు మధ్య డెల్టా కాలవల్లో పడి, ఊళ్ళు దాటి, లాకులు దాటి, చిట్టచివరికి చేరేది సముద్రం ఒడ్డునున్న ఇలాంటి శివారు పొలాలకే. దాళ్వా రోజుల్లో పైన ఎవరైనా గట్టుకు కన్నం పెట్టి నీళ్ళు తన చేలోకి మళ్ళించుకున్నాడంటే ఆ దెబ్బ ముందు తగిలేది ఇక్కడే. వంతు వస్తుంది, నీళ్ళు రావు. ఆ దొంగ తూము ఎక్కడుందో కనిపెట్టేదాకా శివారు రైతుకు నిద్ర ఉండదు.

సరిగ్గా అలాంటి దొంగ తూమే మనిషి ఒంట్లోనూ పడుతుంది. పెద్దపేగులో పుట్టిన క్యాన్సర్ పెరగాలంటే దానికి రక్తం కావాలి. ఆ రక్తం కోసం అది సొంతంగా కాలవలు తవ్వుకుంటుంది. ఈ కాలవల కథ తెలిస్తే రెండు సంగతులు అర్థమవుతాయి. విరేచనంలో కనిపించే రక్తాన్ని తేలిగ్గా ఎందుకు తీసుకోకూడదన్నది ఒకటి. ఆపరేషన్ అయ్యాక చేతికొచ్చే బయాప్సీ రిపోర్టులో రక్తనాళాల గురించి రాసే ఒక్క వాక్యం ఎందుకంత ముఖ్యమన్నది రెండోది.

వేడి చేసిందనుకున్నారు!

కాట్రేనికోన దగ్గర్లో ఒక ఇల్లు ఊహించుకుందాం. ఇంటాయనకు 58 ఏళ్ళు. ఎకరంన్నర వరిచేను, ఇంటి చుట్టూ కొబ్బరిచెట్లు. సంక్రాంతి వెళ్ళిన కొత్తలో ఒకరోజు విరేచనంలో రక్తం చార కనిపించింది. ఎవరితో చెప్పుకుంటాడు? ఊరుకున్నాడు. వారం తిరక్కుండా మళ్ళీ కనిపించింది. ఈసారి భార్యతో అన్నాడు.

‘‘వేడి చేసుంటుందండీ. రెండు బొండాలు కొట్టించుకుని తాగండి’’ అందావిడ.

ఊళ్ళో ఆర్‌ఎంపీ మొలలన్నాడు. బిళ్ళలు, పూతమందు ఇచ్చాడు. తగ్గినట్టే తగ్గింది. దాళ్వా కోతల నాటికి చేను గట్టు మీద నాలుగడుగులు వేస్తే ఆయాసం. రక్తం తక్కువుందని ఐరన్ మాత్రలు, టానిక్ సీసా వచ్చాయి. అలా ఏడు నెలలు గడిచిపోయాయి. శ్రావణమాసంలో పుట్టింటికొచ్చిన కూతురు తండ్రి మొహం చూసి కంగారుపడింది.

‘‘ఎన్నాళ్ళ నుంచి నాన్నా?’’

‘‘మొలలేలేమ్మా. తగ్గిపోతాయి.’’

‘‘మొలలని ఎవరు చూసి చెప్పారు?’’

ఎవరూ చూడలేదు. అడిగి, విని, మందులు ఇచ్చారంతే. మర్నాడే యెదుర్లంక వంతెన దాటి, యానాం మీదుగా కాకినాడ తీసుకెళ్ళింది. కొలనోస్కోపీ చేశారు. పెద్దపేగు ఎడమ పక్కన గడ్డ. బయాప్సీలో క్యాన్సర్ అని తేలింది.

విరేచనంలో రక్తం పడిన ప్రతిసారీ క్యాన్సరేనా? కానేకాదు. ఎక్కువమందిలో కారణం మొలలో, ఆసనం దగ్గర చీలికో అయి ఉంటుంది. కాకపోతే ఆ మాట చెప్పాల్సింది పరీక్ష చేసిన డాక్టరు. మొలలూ క్యాన్సరూ ఒకే మనిషిలో ఉండటానికి అడ్డేమీ లేదు. 2022లో ప్రపంచం మొత్తం మీద 19 లక్షల మందికి పైగా కొత్తగా పెద్దపేగు, మలాశయ క్యాన్సర్ల బారిన పడ్డారు. తొమ్మిది లక్షల మందికి పైగా చనిపోయారు. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే మన దగ్గర ఈ జబ్బు తక్కువే. ఆ తక్కువే మనల్ని ఏమరుపాటులో పడేస్తోంది.

గట్టుకు కన్నం ఎలా పడుతుంది?

పెద్దపేగు పొడవు సుమారు ఐదడుగులు. దాని లోపలి పొర మీద పులిపిరిలాంటి చిన్న బుడిపెలు మొలుస్తాయి. వీటిని పాలిప్‌లంటారు. చాలావాటితో ఏ ఇబ్బందీ ఉండదు. కొన్ని మాత్రం ఏళ్ళు గడిచేకొద్దీ, చాలాసార్లు పదేళ్ళ పైనే పట్టి, క్యాన్సర్‌గా మారతాయి.

మారిన కొత్తలో ఆ కణాల గుంపు ఆవగింజంత. చుట్టుపక్కల కణజాలంలో ఊరే చెమ్మతోనే బతుకుతుంది. ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటిందా, చెమ్మ చాలదు. లోపలి కణాలకు ప్రాణవాయువు అందదు. అప్పుడా గడ్డకు రెండే దారులు... ఉన్నచోటే ఆగిపోవడం, లేదా కాలవ తెచ్చుకోవడం.

ఈ మాట మొదట గట్టిగా చెప్పింది అమెరికాలోని బోస్టన్ పిల్లల ఆసుపత్రి సర్జన్ జూడా ఫోక్‌మన్. 1971లో ఆయన ఒక వైద్య పత్రికలో ఈ వాదన రాసినప్పుడు నమ్మినవాళ్ళు తక్కువ. గడ్డ చుట్టూ కనిపించే రక్తనాళాలు వాపు వల్ల వచ్చినవేనని కొట్టిపారేశారు. ‘కాదు, గడ్డే వాటిని పిలిపించుకుంటోంది. ఆ పిలుపును ఆపితే గడ్డను ఎండగట్టొచ్చు’ అన్నది ఆయన పట్టు.

ఆ పిలుపు ఏమిటో తెలియడానికి ఇంకో పద్దెనిమిదేళ్ళు పట్టింది. 1989లో నెపోలియన్ ఫెరారా అనే శాస్త్రవేత్త బృందం వీఈజీఎఫ్ అనే మాంసకృత్తిని వేరుచేసింది. ఊపిరాడని కణాలు దీన్ని బయటికి వదులుతాయి. పక్కనున్న రక్తనాళపు గోడకు అది తగలగానే అక్కడి కణాలు చిగురు వేసినట్టు కొత్త కొమ్మ వేస్తాయి. ఆ కొమ్మ పిలుపు వచ్చిన దిక్కుగా పాకుతుంది. గట్టుకు కన్నం పడ్డట్టే.

నిజానికి వీఈజీఎఫ్ మనకు శత్రువేమీ కాదు. తల్లి కడుపులో బిడ్డ పెరగడానికైనా, తెగిన వేలు మానడానికైనా అదే కావాలి. పని అయ్యాక ఒళ్ళు దాన్ని కట్టేస్తుంది. క్యాన్సర్ గడ్డ కట్టెయ్యదు.

వంకర కాలవలు, కారే గోడలు

1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట కింద ఒక క్రమం ఉంది. పెద్ద కాలవ, పిల్ల కాలవ, బోదె. ఎక్కడెంత వాలుండాలో లెక్క కట్టి తవ్వారు. ఆరోగ్యంగా ఉన్న ఒంట్లో రక్తనాళాలూ అంతే. ధమని, దాని కొమ్మలు, వెంట్రుక కన్నా సన్నని కేశనాళికలు. అక్కడి నుంచి వెనక్కి సిరలు.

గడ్డ తవ్వుకున్న కాలవలకు ఈ క్రమం ఉండదు. ఒకచోట ఉబ్బి ఉంటాయి, ఒకచోట నొక్కుకుపోతాయి. కొన్ని ఎటూ వెళ్ళకుండా మధ్యలోనే ఆగిపోతాయి. గోడలు బలహీనం. మామూలు రక్తనాళాన్ని బయటి నుంచి పట్టి ఉంచే కణాలు ఇక్కడ పలచగా, వదులుగా ఉంటాయి. అందుకే కారుతుంటాయి. అమెరికా శాస్త్రవేత్తలు సెంగర్, ద్వోరాక్ 1983లోనే గడ్డలు వదిలే ఒక పదార్థం రక్తనాళాలను కారేలా చేస్తోందని కనుక్కున్నారు. అది వీఈజీఎఫేనని తర్వాత తేలింది.

రక్తం ఎందుకు పడుతుందో ఇప్పుడు ఊహించొచ్చు. పేగు లోపల ఉన్న గడ్డ పైభాగం పుండు పడుతుంది. దాని మీద నుంచి రోజూ మలం ఒరుసుకుంటూ పోతుంది. అడుగున ఉన్నవి నాసిరకం నాళాలు. చిట్లుతాయి. గడ్డ ఎడమ పక్కన గానీ, మలాశయంలో గానీ ఉంటే రక్తం కంటికి కనిపిస్తుంది. కుడి పక్కన ఉంటే మలంలో కలిసిపోయి కనిపించకపోవచ్చు. నెలల తరబడి కొద్దికొద్దిగా కారి, మనిషి పాలిపోతాడు. నీరసం, ఆయాసం. చేతికొచ్చేది మాత్రం టానిక్ సీసా! అందుకే యాభై దాటిన మగవాళ్ళలో, ముట్లు ఆగిపోయిన ఆడవాళ్ళలో ఇనుము తగ్గి రక్తహీనత వస్తే, కారణం తెలియనప్పుడు పేగులు కూడా చూడాలంటారు డాక్టర్లు. టానిక్ కాలవలో నీళ్ళు పెంచుతుంది. కన్నం పూడ్చదు.

మురుగు కాలవ దారిలో...

డెల్టాలో పంట కాలవ ఎంత ముఖ్యమో మురుగు కాలవా అంతే ముఖ్యం. చేలోకి వచ్చిన నీరు బయటికి పోవాలి. ఒంట్లో ఆ పని సిరలది. క్యాన్సర్‌లో అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. గడ్డలోని కణాలు సిర గోడను తొలుచుకుని లోపలికి దిగితే ప్రవాహంతోపాటు కొట్టుకుపోతాయి.

ఎక్కడికి? పెద్దపేగు నుంచి వచ్చే రక్తం నేరుగా గుండెకు పోదు. పోర్టల్ సిర అనే పెద్ద మార్గంలో కలిసి ముందు కాలేయానికి వెళుతుంది. అందుకే ఈ క్యాన్సర్ పాకితే చాలామందిలో మొదట కనిపించేది కాలేయంలోనే. మలాశయం కింది భాగానిది వేరే దారి. అక్కడి సిరల్లో కొన్ని కాలేయాన్ని తప్పించుకుని పోతాయి కాబట్టి ఊపిరితిత్తుల్లో ముందుగా తేలే అవకాశం ఎక్కువ. ఆపరేషన్‌కు ముందు కడుపుతోపాటు ఛాతీకి కూడా సీటీ స్కాన్ ఎందుకు తీస్తారని చాలామంది అడుగుతుంటారు. జవాబు ఇదే.

పేగు ముక్క తీసేశాక అది పాథాలజిస్టు బల్ల మీదకు చేరుతుంది. గడ్డ పేగు గోడలో ఎంత లోతుకు దిగిందో చూసి టీ1 నుంచి టీ4 దాకా గుర్తు వేస్తారు. పక్కనున్న లింఫు గ్రంథులు కనీసం పన్నెండు వెతికి, వాటిలో క్యాన్సర్ ఉందో లేదో చూస్తారు. అది ఎన్. కణాలు మామూలు పేగు కణాల పోలికలో ఉన్నాయా, పోలికే లేకుండా చెదిరిపోయాయా అన్నది గ్రేడు. వీటితోపాటు చూసే మరో ముఖ్య సంగతి... గడ్డ రక్తనాళాల్లోకి, లింఫు నాళాల్లోకి దిగిందా?

ఈ ప్రశ్న బరువేమిటో లండన్‌లోని సెయింట్ మార్క్స్ ఆసుపత్రి వైద్యులు 1980లో చూపించారు. 700 మందికి పైగా మలాశయ క్యాన్సర్ రోగుల నుంచి తీసిన భాగాలను పరిశీలించారు. పేగు గోడ దాటి బయటున్న, మందపాటి గోడలున్న సిరల్లోకి క్యాన్సర్ దిగినవాళ్ళు బతికి బట్టకట్టే అవకాశం బాగా తక్కువని తేలింది.

సిరలో దిగిన క్యాన్సర్‌ను పట్టుకోవడం తేలిక కాదు. ఒక్కోసారి అది సిరను పూర్తిగా నింపేసి, అక్కడ సిర ఉండేదన్న ఆనవాలే చెరిపేస్తుంది. అప్పుడు పాథాలజిస్టులకు ఒక చిట్కా ఉంది. ధమని ఉన్నచోట దాని పక్కనే సిర ఉండాలి. ధమని ఒక్కటే ఒంటరిగా కనిపించి, పక్కన గుండ్రటి క్యాన్సర్ ముద్ద ఉంటే అనుమానించాలి. పంట కాలవ ఉంది, పక్కనుండాల్సిన మురుగు కాలవ ఏదీ అని వెతికినట్టన్నమాట! సిర గోడలోని సాగే పోగులకు మాత్రమే పట్టే ప్రత్యేక రంగు వేస్తే మాయమైన గోడ మళ్ళీ బయటపడుతుంది. మలాశయ క్యాన్సర్‌లోనైతే ఆపరేషన్‌కు ముందే ఎంఆర్ఐలో ఈ సిరలను చూడగలుగుతున్నారు. దాన్నిబట్టి ముందుగా రేడియేషన్, కీమో ఇవ్వాలా అన్నది తేల్చుకుంటున్నారు.

గడ్డలో ఎన్ని కొత్త నాళాలున్నాయో లెక్కపెట్టి జబ్బు తీవ్రత చెప్పాలని కూడా ఎంతోమంది ప్రయత్నించారు. ఒకరి లెక్క ఒకరితో కుదరలేదు. అందుకే మామూలు రిపోర్టుల్లో ఆ సంఖ్య కనపడదు. సిరలోకి దిగిందా లేదా అన్న మాట మాత్రం కనపడుతుంది, కనపడాలి.

కవర్లో పడిన వాక్యం

మళ్ళీ ఆ ఇంటికి వద్దాం. వినాయక చవితి వెళ్ళాక ఆపరేషన్ బాగానే జరిగింది. ఆయన ఇంటికొచ్చేశాడు. రెండు వారాలకు రిపోర్టు చేతికొచ్చింది. రెండు పేజీలు, అంతా ఇంగ్లిషు. ‘టీ3, ఎన్0’ అని ఉంది. పదహారు గ్రంథులు చూస్తే ఒక్కదాంట్లోనూ జబ్బు లేదు. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు. రిపోర్టు పాలిథిన్ కవర్లో పడి బీరువా ఎక్కింది.

దాని కింద ఇంకో వాక్యం ఉంది. ‘వీనస్ ఇన్వేజన్ - ప్రెజెంట్.’ అంటే సిరలోకి దిగింది అని.

కూతురు ఫోన్లో ఫొటో తెప్పించుకుని చదివింది. ఆ వారమే డాక్టరు దగ్గరికి వెళదామంది.

‘‘గడ్డ తీసేశారు కదమ్మా. ఇంకా మందులెందుకు? సార్వా కోతలయ్యాక చూద్దాం’’ అన్నాడాయన.

ఆ మాటలో అన్యాయమేమీ లేదు. చేను పండి ఉంది. చేతిలో డబ్బు అయిపోయింది. ఒంట్లో ఇప్పుడు నొప్పి కూడా లేదు. కాకపోతే క్యాన్సర్‌కు కోతల క్యాలెండర్ తెలియదు. ఆపరేషన్ తర్వాత కీమో అవసరమైతే ఆరు నుంచి ఎనిమిది వారాల్లోపు మొదలుపెట్టడం మంచిది. ఆలస్యమయ్యేకొద్దీ దాని ఫలితం తగ్గుతుంది.

లింఫు గ్రంథుల్లో జబ్బు ఉంటే అది మూడో దశ. కీమో ఇవ్వాలన్నదాంట్లో పెద్దగా వాదన లేదు. ఈయనది రెండో దశ. ఇందులో అందరికీ కీమో అక్కర్లేదు. చాలామందికి ఆపరేషనే సరిపోతుంది. ఎవరికి కావాలో తేల్చడానికి డాక్టర్లు చూసే గుర్తులు కొన్ని ఉన్నాయి. గడ్డ పేగు బయటి పొర దాటి పక్క అవయవాలకు అంటుకోవడం, పేగు మూసుకుపోవడం లేదా చిల్లు పడటం, పన్నెండు కన్నా తక్కువ గ్రంథులు దొరకడం, కణాలు బాగా చెదిరిన రకం కావడం, నరాల చుట్టూ పాకడం. ఇదే జాబితాలో రక్తనాళాల్లోకి దిగడమూ ఉంది.

ఆ వాక్యం ఉన్నంత మాత్రాన జబ్బు పాకిపోయిందని అర్థం కాదు. దిగిన కణాల్లో చాలావరకు రక్తప్రవాహంలోనే చచ్చిపోతాయి. పాకే అవకాశం మిగతావాళ్ళ కన్నా ఎక్కువని మాత్రమే దాని అర్థం. కీమో ఆ అవకాశాన్ని తగ్గిస్తుంది, పూర్తిగా తీసెయ్యదు. రెండో దశలో ఆ లాభం కొద్దిపాటిదే. దానికి అరచేతులు, అరికాళ్ళు తిమ్మిరెక్కడం లాంటి బాధలూ ఉంటాయి. గడ్డలో ఎంఎస్ఐ అనే లక్షణం ఉన్న రోగుల్లో కొన్ని కీమో మందులు రెండో దశలో పెద్దగా ఉపయోగపడవు కూడా. అందుకే ఆ పరీక్ష ముందు చేయించాలి. తూకం వేసుకుని నిర్ణయించాల్సిన విషయమిది. రిపోర్టు బీరువాలో ఉంటే మాత్రం ఆ తూకమే జరగదు.

తూము మూసే మందు

ఫోక్‌మన్ 1971లో అన్న మాట 2004 ఫిబ్రవరిలో మందుగా మారింది. వీఈజీఎఫ్‌ను పట్టి బంధించే బెవాసిజుమాబ్‌కు అమెరికాలో అనుమతి దొరికింది. అదీ మొట్టమొదట పెద్దపేగు క్యాన్సర్‌కే. వేరే అవయవాలకు పాకిన 813 మంది మీద జరిగిన పరీక్షలో, కీమో ఒక్కటే తీసుకున్నవాళ్ళు సగటున 15.6 నెలలు బతికితే, ఈ మందు కూడా తీసుకున్నవాళ్ళు 20.3 నెలలు బతికారు. ఫోక్‌మన్ అది చూసి 2008లో కన్నుమూశారు.

గడ్డను పూర్తిగా ఎండగడుతుందనుకున్న మందు ఇంకో పని కూడా చేస్తోందని ఐఐటీ కాన్పూర్‌లో చదివి అమెరికాలో స్థిరపడిన రాకేష్ జైన్ 2001లోనే సూచించారు. వంకర కాలవలను అది కొంతకాలం చక్కబెడుతుంది. దాంతో కీమో మందు గడ్డ లోపలికి బాగా చేరుతుంది. 2004లో ఆయన బృందం ఆరుగురు మలాశయ క్యాన్సర్ రోగుల్లో ఈ మందు రక్తనాళాలను ఎలా మారుస్తుందో నేరుగా కొలిచి చూపించింది. అయితే దొంగ కూడా తెలివైనవాడే. కాలేయంలోకి చేరిన గడ్డలు కొన్ని కొత్త తూము తవ్వవు. అక్కడున్న బోదెలనే ఆక్రమించుకుంటాయి. వాటి మీద ఈ మందు సరిగా పనిచేయదని 2016లో తేలింది.

ఈ మందును హైదరాబాద్ కంపెనీలూ తయారుచేస్తున్నాయి. 2016లో హెటిరో, 2019లో డాక్టర్ రెడ్డీస్ తమ రకాలను మన దేశంలో విడుదల చేశాయి. మరో తెలుగు బంధమూ ఉంది. పేగు క్యాన్సర్ కీమోలో వాడే ల్యూకోవోరిన్, ఫోలిక్ ఆమ్లం కుటుంబానికి చెందింది. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేయించింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

కొత్త మందు కదా, మాకూ రాయండని అడిగేవాళ్ళున్నారు. ఇది జబ్బు పాకినవాళ్ళకు. పాకకుండా ముందుజాగ్రత్తగా ఇచ్చి చూస్తే లాభం కనిపించలేదు. పైగా రక్తపోటు పెరగడం, పుండు మానకపోవడం, అరుదుగా పేగుకు చిల్లు పడటం లాంటి ప్రమాదాలున్నాయి. ఆపరేషన్‌కు ముందు, తర్వాత కనీసం నాలుగు వారాల ఎడం పాటిస్తారు.

రిపోర్టు చేతికొచ్చిన రోజున అడగండి

- గడ్డ ఏ దశ? ఎన్ని గ్రంథులు చూశారు? ఎన్నిటిలో జబ్బు ఉంది?
- రక్తనాళాల్లోకి, లింఫు నాళాల్లోకి, నరాల చుట్టూ పాకిందా? రిపోర్టులో ఆ మాటే లేకపోతే పాథాలజిస్టును అడిగి రాయించగలరా?
- కోసిన అంచుల్లో జబ్బు మిగిలిందా?
- ఎంఎస్ఐ పరీక్ష చేశారా?
- కీమో కావాలా? కావాలంటే ఎప్పటిలోపు మొదలుపెట్టాలి? ఖర్చు ఎన్టీఆర్ వైద్య సేవ కిందికి వస్తుందా?
- పిల్లలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఎప్పుడు పరీక్ష చేయించుకోవాలి? సాధారణంగా 40 ఏళ్ళకు గానీ, ఇంట్లో జబ్బు వచ్చిన వయసుకు పదేళ్ళ ముందు గానీ, ఏది ముందైతే అప్పుడు.

గట్టు మీద కాపలా

ఆ ఇంటి పెద్దాయన చివరికి వెళ్ళాడు. కూతురు నచ్చచెప్పిందని కాదు. డాక్టరు కాగితం మీద పేగు బొమ్మ గీసి, రక్తం వచ్చే దారి, పోయే దారి చూపించి, ‘‘ఇదిగోనండి, ఇక్కడ గండి పడింది. మనం పూడ్చాం. కింద చేలోకి ఎన్ని నీళ్ళు పోయాయో మాత్రం మనకు కనపడదు’’ అన్నాడు.

‘‘ఆయ్, అర్థమైందండి’’ అన్నాడు శివారు రైతు. అప్పటిదాకా ఎంతమంది చెప్పినా ఎక్కని మాట అది.

కోతలు అల్లుడి మీద పెట్టి కీమోకు ఒప్పుకున్నాడు. జబ్బు తిరిగి రాదని డాక్టరు హామీ ఇవ్వలేదు. ఇవ్వలేడు కూడా. మూడు నుంచి ఆరు నెలలకోసారి సీఈఏ రక్తపరీక్ష, డాక్టరు చెప్పినప్పుడల్లా సీటీ స్కాన్, ఏడాదికి మళ్ళీ కొలనోస్కోపీ. ఇలా ఐదేళ్ళు. కాలవకు నీళ్ళు వదిలిన దగ్గర్నుంచి కట్టేసేదాకా లస్కరు గట్టు మీద తిరుగుతూనే ఉంటాడు కదా, అలాగన్నమాట.

ఆయనకు ఒకటే విచారం. సంక్రాంతికి కనిపించిన చారను సంక్రాంతికే చూపించుకుని ఉంటే గండి ఇంకా చిన్నగా ఉండేదేమోనని. కాలవ నీళ్ళు ఒక్క వంతు తప్పితే మర్నాడే ఇంజినీరు ఆఫీసు ముందు నిలబడే మనిషి, ఒంట్లో రక్తం పోతుంటే ఏడు నెలలు ఊరుకున్నాడు.